మేకపిల్లల వెనక కాళ్ళు బిగుసుకుపోతున్నాయి: సెలీనియం లోపమేనా?

షెడ్డుమేకలు_నల్గొండ
అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా, మెట్ట ఊరు. ఎత్తు షెడ్డు కట్టి మేకలు పెంచుతున్నాం, బయటికి తోలం. ఈ ఈతలో పుట్టిన పిల్లల్లో కొన్నింటికి మూడు నాలుగు వారాల వయసు రాగానే వెనక కాళ్ళు బిగుసుకుపోతున్నాయి. పొద్దున లేవవు. లేపి నిలబెడితే మోకాళ్ళు మడవకుండా నాలుగడుగులు వేసి కూలబడతాయి. చూపు బాగానే ఉంది, తల్లి కనబడితే అరుస్తున్నాయి, పొదుగు దగ్గర పట్టుకుంటే పాలు తాగుతున్నాయి. ఒళ్ళు వేడిగా లేదు. మొన్న ఒక పిల్ల అప్పటిదాకా గెంతులేసి సాయంత్రానికి చచ్చిపోయింది. దానికి కాళ్ళ బాధే లేదు.

మందుల షాపులో అడిగితే కాల్షియం తక్కువైందని సీసా ఇచ్చాడు. తాగించాం, తేడా లేదు. యూట్యూబ్‌లో అమెరికా రైతు ఒకావిడ ఇలాంటి పిల్లలకే సెలీనియం అనే ఖనిజం ఇంజెక్షన్ వేసి చూపించింది, లేచి తిరుగుతున్నాయి. షాపులో ఆ మందు ఉందట. ఉన్న పిల్లలన్నిటికీ తలా ఒక ఎం.ఎల్. వేసేద్దామనుకుంటున్నా. ఎవరైనా వాడారా?

గిత్త_దర్శి
అన్నా, వేసేయ్. మా బావమరిది గొర్రెపిల్లలకు పుట్టగానే వేస్తాడు. ఏం కాలేదు.

మందవెంట
మా ఇంట్లో తాతల నాటి నుంచి గొర్రెలే. సెలీనియం అనే పేరు నేను వినలేదు, మా నాయనా వినలేదు. పిల్లలు కాళ్ళు చాపేస్తే బొడ్డు చీము పట్టి కీళ్ళకు దిగిందని చూసేవాళ్ళం. లేదంటే ధనుర్వాతం. ముందు బొడ్డు చూడు తమ్ముడూ. ప్రతిదానికీ ఒక కొత్త ఇంగ్లీషు మందు తగిలించడం ఈ మధ్య అలవాటైపోయింది.

రిటైర్డ్_వెటర్నరీ
ఇంజెక్షన్ మాట కాసేపు ఆపండి. పైన ఆయన చెప్పినట్టు బొడ్డు చూడటం సరైన మొదలే. కొన్ని సంగతులు చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మోకాలు, మడమ కీళ్ళు వాచి వేడిగా ఉన్నాయా? వాచి ఉంటే, జ్వరం కూడా ఉంటే అది కీళ్ళ చీము, దానికి యాంటీబయోటిక్. నోరు తెరవలేకపోతున్నాయా, చప్పుడు చేస్తే ఉలిక్కిపడి బిగుసుకుంటున్నాయా, చెవులు నిక్కబొడుచుకున్నాయా? అయితే ధనుర్వాతం. కాళ్ళు బిగుసుకోకుండా వదులుగా తూలుతున్నాయా, వెనక భాగం ఈడుస్తున్నాయా? అలాగైతే రాగి లోపం గురించి ఆలోచించాలి, అది వెన్నుపాముకు వచ్చే జబ్బు. తొడ కండ రెండు వైపులా గట్టిగా ఉందా, నొక్కితే నొప్పితో అరుస్తోందా? మూత్రం ఏ రంగులో ఉంది?

అన్నిటికంటే ముఖ్యం: తల్లులు చూడితో ఉన్నప్పుడు ఏం తిన్నాయి? పిల్లలు ఏం తిన్నాయి అని కాదు, తల్లులు.

షెడ్డుమేకలు_నల్గొండ
సార్, కీళ్ళ వాపు లేదు. బొడ్లు ఎండి రాలిపోయాయి, అయోడిన్ పెట్టాం. నోరు తెరుస్తున్నాయి. తూలడం లేదు, బిగుతే. తొడలు రెండు వైపులా గట్టిగా ఉన్నాయి, నొక్కితే అరిచాయి. ఒక పిల్ల మూత్రం టీ డికాషన్ రంగులో ఉందని మా ఆవిడ చెప్పింది, మిగతావి గమనించలేదు.

తల్లుల మేత అంటే ఎండాకాలంలో బోరు ఎత్తిపోయి సూపర్ నేపియర్ గడ్డి ఎండిపోయింది. కంది పొట్టు, శనగ పొట్టు, పల్లి కట్టె పెట్టాం. దాణాలో మక్కలు, తవుడు, పల్లి చెక్క. తవుడు ఒకేసారి ఎక్కువ బస్తాలు తెచ్చి నిల్వ పెట్టాం, చవగ్గా దొరికిందని. మినరల్ మిక్సర్ (ఖనిజాల పొడి) అప్పుడప్పుడు. ఇంకోటి, పిల్లల్ని మొదట చిన్న గదిలో ఉంచి, కాస్త పెరిగాక కిందికి దింపి వాకిట్లో వదిలాం. వదిలిన రోజు తెగ ఎగిరాయి. ఆ మర్నాటి నుంచే మొదలైంది.

రిటైర్డ్_వెటర్నరీ
మీరు చెప్పినదంతా ఒకే వైపు చూపిస్తోంది. దీన్ని తెల్ల కండరాల జబ్బు అంటారు. ఎందుకు వస్తుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ సగం మంది సెలీనియం అంటే బలం మందు అనుకుంటున్నారు.

కండ పనిచేసేటప్పుడు దానిలో పెరాక్సైడ్లు పుడతాయి. అవి కణాల పైపొరలోని కొవ్వును పాడుచేస్తాయి. దాన్ని ఆపేవి రెండు. కణం లోపల గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, దాని కీలక భాగంలో సెలీనియం ఉంటుంది. 1973లో తేలిన సంగతి ఇది. పైపొరలో విటమిన్ ఇ. ఈ రెండూ ఒకదాని లోటు ఇంకోటి కొంతవరకు పూడుస్తాయి. రెండూ తగ్గితే పొర చిల్లులు పడి కాల్షియం కణంలోకి జొరబడుతుంది, కండ చచ్చి సున్నం పట్టినట్టు తెల్లబడుతుంది. అంటే ఆ కండలో ఇప్పటికే కాల్షియం ఎక్కువైంది. మీ షాపతను మళ్ళీ కాల్షియమే ఇచ్చాడు. నరానికి మాత్రం ఎక్కించనివ్వకండి, గుండె కండ దెబ్బతిని ఉంటే అక్కడికక్కడే పోతుంది.

పిల్లలు గదిలో కదలకుండా ఉన్నంతసేపు లోపం బయటపడదు. ఒక్కసారి వదిలితే గెంతుతాయి, తొడలు, భుజాలు, ఊపిరి తీయించే డయాఫ్రమ్ కండ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి, లోపం ఉన్న కండ తట్టుకోలేదు. గుండె కండకు తగిలిన పిల్ల ఏ లక్షణమూ లేకుండా చచ్చిపోతుంది. మీ సాయంత్రం పిల్ల కథ బహుశా ఇదే. డికాషన్ రంగు మూత్రం, చచ్చిన కండలోంచి రక్తంలోకి దిగిన ఎరుపు పదార్థం.

సెలీనియం పేరు అందరి నోళ్ళలో నానుతోంది గానీ మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం విటమిన్ ఇ మీద. అది పచ్చి ఆకులో పుష్కలం. ఎండబెట్టి నిల్వ చేసిన పొట్టులో, కట్టెలో చాలా వరకు పోతుంది. పైగా నిల్వ తవుడు. తవుడులో నూనె ఉంటుంది, కొన్నాళ్ళకే కంపు కొడుతుంది. ఆ చెడిన నూనె లోపలికి వెళ్ళి ఉన్న కాస్త విటమిన్ ఇ కూడా ఖర్చు చేయిస్తుంది. విటమిన్ ఇ మాయ దాటి పిల్లకు సరిగా చేరదు, ముర్రుపాలలోనే రావాలి. సెలీనియం మాత్రం కడుపులో ఉండగానే మాయ ద్వారా బాగానే చేరుతుంది. అందుకే తల్లి మేత అడిగాను.

ఇప్పుడు చేయాల్సింది: 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం వస్తుంది. లేదా మండల పశువైద్యశాలకు ఒక పిల్లను తీసుకెళ్ళండి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే కండ ఎంజైమ్ చూడమనండి. కండ చస్తూ ఉంటే అది వేలల్లో ఉంటుంది, చావడం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. ఇంకో పిల్ల చచ్చిపోతే పాతిపెట్టేయకుండా కోసి చూపించండి.

గిత్త_దర్శి
డాక్టర్ గారూ, ఇంత పరీక్ష చేసేలోపు పిల్లలు పోతే? ఒక ఎం.ఎల్. వేస్తే పోయేదేముంది?

దాణామిల్లు
పోయేదే ఉంది గిత్త గారూ. నేను దాణా మిల్లు నడుపుతాను, దాణాలో కలిపే సెలీనియం ప్రీమిక్స్ సంచి ముట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకుంటాం. లెక్క చూడండి. పిల్లకు కిలో బరువుకు 0.05 నుంచి 0.1 మి.గ్రా. సెలీనియం అంటారు. నాలుగు కిలోల పిల్లకు ఎక్కువలో ఎక్కువ 0.4 మి.గ్రా. ఎం.ఎల్.కు 1 మి.గ్రా. ఉన్న మందు అయితే 0.4 ఎం.ఎల్. అదే 5 మి.గ్రా. ఉన్న సీసా అయితే 0.08 ఎం.ఎల్., మామూలు సిరంజిలో ఆ గీతే ఉండదు. ఆ సీసాలోంచి "తలా ఒక ఎం.ఎల్." వేస్తే పన్నెండు రెట్లు దాటిపోయినట్టు. నాలుగైదు రెట్లు దాటితేనే ప్రాణం మీదికి వస్తుంది. విదేశాల్లో చిన్న పిల్లలకో సీసా, పెద్ద పశువులకో సీసా ఒకే కంపెనీ పేరుతో, ఒకే రకం డబ్బాలో అమ్ముతారు. మధ్యలో ఐదు రెట్ల తేడా.

డాక్టర్ గారు తప్పు దిద్దాలి, నేను డాక్టర్ని కాదు.

రిటైర్డ్_వెటర్నరీ
దిద్దడానికేమీ లేదు. ఇంకో చిక్కు చేర్చండి: కొన్ని సీసాల మీద "సెలీనియం ఇంత" అని ఉంటుంది, కొన్నిటి మీద "సోడియం సెలినైట్ ఇంత" అని. రెండూ ఒకటి కావు. సోడియం సెలినైట్‌లో సెలీనియం 45 శాతం చిల్లరే.

2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో పోలో ఆటకు వచ్చిన 21 గుర్రాలు కొన్ని గంటల్లోనే కుప్పకూలి చచ్చిపోయాయి. ఆటకు ముందు ఇచ్చిన బలం మందులో సెలీనియం పాలు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ పడింది. అవి ఒక్కోటి నాలుగైదు వందల కిలోల జంతువులు. మన పిల్ల నాలుగు కిలోలు. మోతాదు మించితే ఊపిరి ఆడదు, నురుగు వస్తుంది, శ్వాసలో వెల్లుల్లి వాసన వస్తుంది, విరుగుడు మందు లేదు.

మందవెంట
నేను అడిగేది ఒకటే డాక్టర్ సాబ్. మా గొర్రెలకు ఈ జబ్బు ఎందుకు రాలేదు? అదే నేల, అదే నీళ్ళు.

రిటైర్డ్_వెటర్నరీ
మీ మంద రోజూ ఎన్ని రకాలు కొరుకుతుందో లెక్కపెట్టారా? తుమ్మ కాయ, రేగు ఆకు, గట్ల మీది గడ్డి, కోసిన చేలల్లో మొలక, చెరువు శిఖంలో పచ్చిక. ఎండాకాలం మీరు వలస తోలుకుపోయేది పచ్చి కోసమే కదా. పదూళ్ళ నేల మీది మేత కలిసిపోతుంది, ఒక చోట లోటు ఇంకో చోట తీరుతుంది. షెడ్డులో పశువు యజమాని పెట్టిందే తింటుంది. ఆయన కొన్న లోడు ఒకే ఊరి చేనుదైతే ఆ చేని లోటు అంతా ఈ మందలోకి వస్తుంది. మీ నాయన ఆ పేరు వినకపోవడానికి కారణం ఆయనకు దాని అవసరం పడకపోవడమే.

మందవెంట
ఇది ఒప్పుకుంటా. తిప్పి మేపేవాడికి తిప్పలున్నా పిల్లకు తిప్పల్లేవు.

కాంటర్బరీ_నుంచి
ఇది చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నేను న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో డైరీ ఫామ్‌లో పనిచేస్తున్నాను, మాది అసలు ప్రకాశం జిల్లా. ఇక్కడ సెలీనియం మాట లేకుండా పశువుల మాటే ఉండదు. చాలా నేలల్లో అది తక్కువ. వెనకటికి గొర్రెపిల్లలు ఇలాగే బిగుసుకుపోయి చచ్చేవట, బతికినవి సరిగా ఎదిగేవి కావట. ఇప్పుడు సెలీనియం గుళికలు ఎరువుతో పాటు పచ్చిక మీద చల్లుతారు, ఏడాదికి హెక్టారుకు 10 గ్రాముల సెలీనియం లెక్కన. హెక్టారుకు పది గ్రాములు! మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. గొర్రెపిల్లలకు నులిపురుగుల మందులోనే సెలీనియం కలిపి తాగిస్తారు.

కానీ చూసుకోకుండా ఎవరూ వేయరు. మా యజమాని ఏటా కొన్ని ఆవుల రక్తం తీయించి పంపుతాడు, ఫలితం చూసి గుళికలు వేయాలా వద్దా అని నిర్ణయిస్తాడు. పక్క ఫామ్ వాళ్ళు నిరుడు మానేశారు, వాళ్ళకు సరిపోయింది. మన యూట్యూబ్ వీడియోల్లో ఈ రక్తం తీసే భాగం చూపించరు, ఇంజెక్షన్ పొడిచే భాగమే చూపిస్తారు.

గిత్త_దర్శి
అంటే వాళ్ళ నేలలో లేదు కాబట్టి వేస్తారు. మన నేలలో ఉందా లేదా?

లూథియానా_మట్టి
గిత్త అన్నా, "మన నేల" అని ఒకటి లేదు. నేను పంజాబ్‌లో మట్టి శాస్త్రం చదువుతున్నాను. ఇక్కడ హోషియార్‌పూర్, నవాన్‌షహర్ వైపు కొన్ని ఊళ్ళున్నాయి. శివాలిక్ కొండల మీది నుంచి వాన నీళ్ళు మోసుకొచ్చిన మట్టి వల్ల ఆ పొలాల్లో సెలీనియం విపరీతం. అక్కడ పశువులకు లోపం కాదు, విషం. వెంట్రుకలు రాలతాయి, గిట్టలు చీలి ఊడిపోతాయి, కొమ్ములు పగుళ్ళు ఇస్తాయి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళ మీద పనిచేశారు. అక్కడి రైతు ఎవరో వీడియో చూసి దూడకు సెలీనియం పొడిస్తే చంపుకున్నట్టే.

ఆ పొలాలకు ఒక మందు ఏమిటో తెలుసా, జిప్సం. జిప్సంలో గంధకం ఉంటుంది, మొక్క వేరు దగ్గర గంధకం, సెలీనియం రెండూ ఒకే దారిలో పోటీ పడతాయి. గంధకం ఎక్కువైతే సెలీనియం లోపలికి తక్కువ ఎక్కుతుంది. ఇది చదివినప్పుడు నాకు మా అనంతపురం పల్లి చేలు గుర్తొచ్చాయి. ఊడలు దిగేటప్పుడు ఎకరానికి 200 కిలోల జిప్సం వేస్తాం కదా. కాయకు అది అవసరం, మానమనడం లేదు. కానీ అచ్చంగా పల్లి కట్టె మీద, పల్లి చెక్క మీద మేపే షెడ్డు వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. నేల ఆమ్ల గుణం ఉన్నదైతే కూడా మొక్కకు సెలీనియం తక్కువ అందుతుంది, క్షార నేలలో ఎక్కువ అందుతుంది.

ఫిన్లాండ్ అని ఇంకో దేశం ఉంది, అక్కడ దేశమంతా నేలల్లో తక్కువే. 1985 నుంచి ఎరువుల్లోనే సెలీనియం కలిపి అమ్ముతున్నారు. మనుషులకూ అదే దారిలో చేరింది.

పాడి_కంకిపాడు
చర్చ బాగుంది కానీ అంతా మేకల మీదే పోతోంది, గేదెల వాళ్ళం కూడా ఉన్నాం. మా దగ్గర ఈనాక మాయ పడకపోవడం పెద్ద టెన్షన్. చేత్తో తీయించడం, ఆపైన గర్భసంచి చీము, పాలు తగ్గడం. మా డాక్టర్ గారు ఈనే మూడు వారాల ముందు విటమిన్ ఇ, సెలీనియం ఇంజెక్షన్ ఒకటి వేస్తున్నారు. నాకు కొంత తేడా కనిపించింది. అది నిజంగా దానివల్లేనా, లేక ఆ ఏడాది పచ్చిగడ్డి బాగా దొరకడం వల్లా?

రిటైర్డ్_వెటర్నరీ
రెండూ కలిసి ఉండొచ్చు, విడదీసి చెప్పలేం. అయితే శాస్త్రం మీ డాక్టర్ గారి వైపే ఉంది. ఈనేటప్పుడు మాయ ఊడాలంటే తెల్ల రక్తకణాలు దాన్ని పరాయి వస్తువుగా గుర్తించి పనిచేయాలి. ఆ కణాలు సరిగా పనిచేయడానికి, సూక్ష్మజీవిని మింగాక చంపడానికి కూడా పైన చెప్పిన సెలీనియం ఎంజైమే కావాలి, అందుకే లోపం ఉన్న పశువుల్లో పొదుగువాపు ఎక్కువ రోజులు సాగుతుంది. లోపం లేని పశువుకు పొడిస్తే అదనంగా ఒరిగేది లేదు.

దూడల విషయం కూడా చెప్పాలి. పుట్టిన దూడ లేచి నిలబడటానికి, చలి తట్టుకోవడానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి. ఆ హార్మోన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్‌లో కూడా సెలీనియం ఉంది. తల్లికి తీవ్రమైన లోపం ఉంటే దూడ మందకొడిగా పుడుతుంది, నాలుక కండ బలహీనమై చీకలేదు. ముర్రుపాలు సమయానికి తాగకపోతే తర్వాత వచ్చే పారుడుకు, న్యుమోనియాకు అదే దారి తీస్తుంది. "దూడ ఎదగట్లేదు" అని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మందికి కారణం నులిపురుగులు, పాలు చాలకపోవడం. అవి సరిచూశాకే ఖనిజాల సంగతి.

షెడ్డుమేకలు_నల్గొండ
వారం తర్వాత రాస్తున్నా, మన్నించండి.

పశువైద్యశాలకు రెండు పిల్లల్ని తీసుకెళ్ళాం. రక్తం తీశారు. ఆ రోజు రాత్రే ఇంకో పిల్ల పోయింది, పొద్దున్నే డాక్టర్ గారు వచ్చి మా వాకిట్లోనే కోశారు. తొడ కండ తెరిచి చూపించారు. ఎర్రగా ఉండాల్సిన చోట ఉడికించిన కోడిమాంసంలా పాలిపోయి ఉంది, మధ్యమధ్య తెల్లటి చారలు. కుడి తొడలో ఎక్కడుందో ఎడమ తొడలోనూ సరిగ్గా అక్కడే. కత్తి పెడితే ఆ చార దగ్గర గరగరమని ఇసుక తగిలినట్టు చప్పుడు. గుండె కోస్తే ఎడమ వైపు లోపలి గోడ మీద కూడా తెల్ల మచ్చలున్నాయి. మా పెద్దాయన "ఇన్నేళ్ళలో ఎన్ని మేకలు కోశాను, ఇది ఎన్నడూ చూడలేదు" అన్నాడు.

రక్తంలో ఆ ఎంజైమ్ వేలల్లోనే వచ్చింది. డాక్టర్ గారు ఒక్కో పిల్లను కాటాలో తూచి ఇన్సులిన్ సిరంజితో విటమిన్ ఇ, సెలీనియం మందు వేశారు. మొత్తం కదలిక ఆపమన్నారు. గడ్డి పరిచి చిన్న గదిలో పెట్టి, లేవలేని వాటిని పట్టుకుని పాలు తాగిస్తున్నాం. విటమిన్ ఇ నోటి మందు విడిగా ఇచ్చారు. మూడో రోజుకు చాలావరకు నిలబడ్డాయి. ఒకటి మాత్రం ఊపిరి ఎగబీలుస్తూనే ఉంది, అది దక్కలేదు. జబ్బు కనిపించని పిల్లలకు మందు వేయలేదు, ఒక నాలుగింటి రక్తం పంపి చూద్దామన్నారు.

తవుడు బస్తాలు బయట పడేశాం. వాసన ఇప్పుడు పట్టి చూస్తే పాత నూనె కంపు.

గిత్త_దర్శి
సంతోషం అన్నా. మా బావమరిదికి ఈ లింకు పంపాను. సీసా మీద ఎంతుందో చూడమంటే ఫోన్ పెట్టేశాడు.

దాణామిల్లు
ఇక ముందు ఈనే మేకల దాణా గురించి చెప్తాను. సెలీనియం పొడి కొని ఇంట్లో పారతో దాణాలో కలపొద్దు. దాణాలో కిలోకు 0.3 మి.గ్రా. దాటకూడదని అమెరికా వాళ్ళు చట్టమే పెట్టారు. అంటే టన్నుకు 0.3 గ్రాములు. చిటికెడు కూడా కాదు. నేల మీద కుప్ప పోసి పారతో తిప్పితే ఒక మేకకు ఏమీ రాదు, పక్క మేకకు పది రెట్లు వస్తుంది. మంచి మినరల్ మిక్సర్‌లో అది ముందే పలచబరిచి కలిపి ఉంటుంది, దాన్నే రోజూ, క్రమంగా ఇవ్వాలి. "అప్పుడప్పుడు" పెట్టే మినరల్ మిక్సర్ పెట్టనట్టే లెక్క.

గొర్రెలున్నవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోండి. ఆవులకని చేసిన మిక్సర్ గొర్రెలకు పెట్టొద్దు. అందులో రాగి ఎక్కువ, గొర్రె కాలేయం రాగిని దాచిపెట్టి దాచిపెట్టి ఒక రోజు కుప్పకూలుతుంది. మేక కాస్త తట్టుకుంటుంది, గొర్రె తట్టుకోదు. అమ్మేవాళ్ళలో చాలామంది ఈ ముక్క చెప్పరు.

కాంటర్బరీ_నుంచి
ఇక్కడ సెలీనియం ఈస్ట్ అని కూడా అమ్ముతున్నారు, ఖరీదు ఎక్కువ. పాలలోకి బాగా దిగుతుందంటారు. నిజమేనా సార్?

రిటైర్డ్_వెటర్నరీ
నిజమే. ఈస్ట్‌లో సెలీనియం అమైనో ఆమ్లంలో భాగంగా ఉంటుంది, శరీరం దాన్ని మామూలు ప్రొటీన్‌లాగే వాడుకుని పాలలోకి పంపుతుంది. సోడియం సెలినైట్‌లో కొంత భాగాన్ని నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కరగని రూపంలోకి మార్చేస్తాయి, అది పేడలో పోతుంది. కోడికి, పందికి ఆ నష్టం తక్కువ. కానీ చూడి మేకల మందకు ఈస్ట్ కొనేంత ఖర్చు అవసరం లేదు. సెలినైట్ ఉన్న మిక్సర్ క్రమంగా ఇస్తే చాలు.

నల్గొండ తమ్ముడికి: చూడి చివరి రెండు నెలలు ముఖ్యం. పిల్ల కడుపులో పెరిగేది అప్పుడే, కాలేయంలో సెలీనియం దాచుకునేదీ అప్పుడే. రోజుకు ఎంతో కొంత పచ్చి ఆకు తప్పనిసరి. బోరు లేకపోతే గట్ల మీద సుబాబుల్, అవిసె పెట్టండి. వేసవిలో కూడా ఆకు ఇస్తాయి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి. తవుడు పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి, లేదా నూనె తీసిన తవుడు వాడండి. పిల్లల్ని గదిలోంచి ఒక్కసారి వదలకుండా, రోజూ కాసేపు చొప్పున తిరగనివ్వండి. ఈసారి ఈనబోయే మేకలకు ఇంజెక్షన్ వేయాలా అన్నది మీరు పంపిన రక్తం ఫలితం చూసి మీ డాక్టర్ గారు చెప్తారు.

షెడ్డుమేకలు_నల్గొండ
సార్, మా ఊళ్ళో దొరికే మినరల్ మిక్సర్ సంచి ఇప్పుడే చూశా. "సోడియం సెలినైట్ కిలోకు 22 మి.గ్రా." అని ఉంది. వంద కిలోల దాణాకు రెండు కిలోలు కలపమని రాశాడు.

దాణామిల్లు
సెలినైట్ 22 అంటే సెలీనియం దాదాపు 10. రెండు శాతం కలిపితే కిలో దాణాలో 0.2 మి.గ్రా. మీ మేక రోజుకు పావు కిలో పైన, అంటే 300 గ్రాముల దాణా తింటే 0.06 మి.గ్రా. వెళ్తుంది. కిలో ఎండు మేత తినే మేకకు మొత్తం మీద 0.1 నుంచి 0.3 మి.గ్రా. కావాలి. మిగతాది మేతలోంచి రావాలి.

రిటైర్డ్_వెటర్నరీ
ఈ మోతాదుతోనే మొదలుపెట్టండి, పెంచకండి. నాలుగు పిల్లల రక్తంతో పాటు రెండు చూడి మేకల రక్తం కూడా పంపమని అడగండి.

షెడ్డుమేకలు_నల్గొండ
సోమవారం తీయిస్తా సార్. ఫలితం రాగానే ఇక్కడే పెడతా.